లెసన్ ప్లాన్ రాసే ముందు చివరి ప్రశ్న రాసుకోండి

ఇంటర్న్‌షిప్‌కి బడులు కేటాయించారని తెలియగానే బీఈడీ, డీఈఎల్‌ఈడీ లాంటి టీచర్ శిక్షణ కాలేజీల్లో మొదట మొదలయ్యేది సీనియర్ల రికార్డుల (మార్కుల కోసం పాఠ ప్రణాళికలు రాసి చూపించే పుస్తకాల) కోసం వేట. ఆ తర్వాత చార్టులు, స్కెచ్ పెన్నులు, మార్జిన్లు, అబ్జర్వేషన్‌కి ఎవరొస్తారోనన్న టెన్షన్. ఇంత హడావుడిలో, రేపు ఆ తరగతిలో కూర్చునే పిల్లలకు ఏం వస్తుంది అన్న మాట మాత్రం ఎవరి నోటా వినపడదు. 'లక్ష్యాలు, స్పష్టీకరణలు' గడిలో నాలుగు వాక్యాలు ఎక్కించేసి ఆ పని అయిపోయిందనుకుంటారు.

రికార్డు రాయొద్దని నేను చెప్పను. దానికి మార్కులున్నాయి, రాయక తప్పదు. కానీ రికార్డు వేరు, ప్లాన్ వేరు. రికార్డు చదివేది మీ సూపర్‌వైజర్. ప్లాన్ అక్కరకొచ్చేది మీకు, అదీ పీరియడ్ మధ్యలో నలభై మంది ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు. అది అరపేజీ ఉంటే చాలు, పాత నోట్‌బుక్కు వెనకపేజీలో ఉన్నా చాలు. ఆ అరపేజీ ఎలా తయారుచేసుకోవాలో చెబుతా. ఉదాహరణకి ఐదో తరగతి లెక్కల్లో భిన్నాలను పోల్చడం తీసుకుందాం. మీ మెథడ్ తెలుగైనా సోషలైనా పద్ధతి ఇదే, కాకపోతే లెక్కల్లో పిల్లల తప్పు దాక్కోకుండా బయటపడుతుంది కాబట్టి చెప్పడం తేలిక.

ముందు ఆఖరి ఐదు నిమిషాలు

పాఠం ఎలా మొదలుపెట్టాలా అని అందరూ తల పట్టుకుంటారు. దాన్ని చివరికి వదిలేయండి. పీరియడ్ ఆఖరి ఐదు నిమిషాల్లో పిల్లల చేత చిన్న చీటీ మీద రాయించే ప్రశ్న ఒక్కటి ముందుగా రాసుకోండి. దానికి తరగతిలో ఎక్కువమంది కారణంతో సహా జవాబు రాయగలిగితే పాఠం జరిగినట్టు, లేదంటే మీరు ఎంత చక్కగా చెప్పినా జరగనట్టే.

'విద్యార్థులు భిన్నాలను అవగాహన చేసుకుంటారు' అని రాసుకుంటే అది మీకు ఏ సాయమూ చెయ్యదు. అవగాహన అయిందని ఎలా కనిపెడతారు, మొహాలు చూసా? దాని బదులు ఇలా రాసుకోండి: 'లవం 1 ఉన్న రెండు భిన్నాలు ఇస్తే ఏది పెద్దదో చెప్పి, ఎందుకో ఒక వాక్యంలోనో బొమ్మలోనో చూపిస్తారు.' ఇది కంటికి కనపడే పని. చెయ్యగలిగారా లేదా అన్నది చీటీ చూస్తే తెలిసిపోతుంది. ప్రశ్న కూడా దీన్నుంచే వచ్చేస్తుంది: '1/5, 1/6లో ఏది పెద్దది? ఎందుకు?' ఈ 5, 6 ఊరికే తీసుకున్నవి కావు, కారణం కాసేపట్లో చెబుతా.

అమెరికా విద్యా మనోవిజ్ఞాని బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ఇచ్చిన బోధనా లక్ష్యాల వర్గీకరణని మనం జ్ఞానం, అవగాహన, వినియోగం అంటూ కంఠతా పట్టి పరీక్షలో రాసేస్తాం. 2001లో దాన్ని సవరించినప్పుడు ఆ నామవాచకాల స్థానంలో క్రియలు పెట్టారు: గుర్తుచేసుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృష్టించడం. పరీక్షకి ఆరూ రాయండి గానీ, ప్లాన్‌కి కావలసింది ఒక్కటే. పిల్లవాడు ఏం చేస్తాడో చెప్పే క్రియ మీ వాక్యంలో ఉందా లేదా? ఉంటే సరి.

ఈ చివరి ప్రశ్నల కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు. మన రాష్ట్రాల లెక్కల పుస్తకాల్లో 'ఇవి చేయండి', 'ప్రయత్నించండి', 'ఆలోచించి, చర్చించి రాయండి' అని మధ్యమధ్యలో పెట్టెలు కనిపిస్తాయి కదా, చాలామంది టైం లేదని దాటేసేవి అవే. ఆ ఆలోచించమన్న పెట్టెలో మీ చివరి ప్రశ్న సగం తయారై ఉంటుంది. తరగతివారీగా పిల్లలకు ఏం రావాలో ఎన్‌సీఈఆర్‌టీ 2017లో అభ్యసన ఫలితాల పేరుతో ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతులకు విడుదల చేసింది. అది ఒకసారి తిరగేయండి. దాన్ని మొత్తంగా రికార్డులోకి కాపీ కొట్టడం వల్ల మాత్రం లాభం లేదు, మీ పీరియడ్‌కి అందులోంచి ఒక వాక్యం చాలు.

సోషల్ వాళ్లు ఈపాటికి 'మా సంగతేంటి' అంటుంటారు. 'గోదావరి పుట్టుక, ప్రవాహం' అన్నది పాఠం పేరు, దాంతో ఏ పనీ జరగదు. గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్ దాపున పుడుతుంది. అక్కణ్ణించి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. అయినా అటు వెళ్లకుండా 1,465 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో ఎందుకు కలుస్తోందో భౌతిక పటం చూసి చెప్పండి అని అడిగితే, పటంలో రంగులు చదవడం, పశ్చిమ కనుమలు, పీఠభూమి వాలు అన్నీ ఆ ఒక్క జవాబులోకి వచ్చేస్తాయి. తెలుగు వాళ్లయితే శతక పద్యానికి ప్రతిపదార్థం అప్పజెప్పించడం కాకుండా, ఆ పద్యం సరిగ్గా సరిపోయే సంగతి వాళ్ల వీధిలోనో ఇంట్లోనో జరిగినది ఒకటి రాయమనండి.

తప్పు జవాబులు మీరే ముందు రాసుకోండి

నా లెక్కలో ప్లాన్ మొత్తానికీ విలువైన భాగం ఇదే. రికార్డు ఫార్మాట్‌లో మాత్రం దీనికి గడే లేదు.

చివరి ప్రశ్న ముందు పెట్టుకుని, దానికి పిల్లలు ఇవ్వగల తప్పు జవాబులు మూడో నాలుగో రాయండి. ప్రతిదాని పక్కన ఆ తప్పు ఎక్కణ్ణించి వచ్చి ఉంటుందో రాయండి. భిన్నాల్లో అయితే మొట్టమొదటిది '1/6 పెద్దది, ఎందుకంటే 5 కన్నా 6 పెద్దది.' ఆ పిల్లని తప్పు పట్టడానికేం లేదు. ఒకటో తరగతి నుంచీ మనం నేర్పింది అదేగా, ఆరు ఐదు కన్నా పెద్దదని. ఇన్నాళ్లూ పనిచేసిన నియమాన్ని తను ఇక్కడా వాడింది. రెండోది, ముక్కలు సమానంగా లేకపోయినా నాలుగు ముక్కలు కనపడితే చాలు ఒక్కోదాన్ని పావు అనేయడం. మూడోది, రెండు వేర్వేరు సైజు బొమ్మలు గీసుకుని పోల్చడం: చిన్న రొట్టెలో సగాన్నీ పెద్ద రొట్టెలో మూడో వంతునీ పక్కపక్కన పెట్టి మూడో వంతే పెద్దదని తేల్చడం. నాలుగోది కొంచెం తెలివైన తప్పు. 2/3, 3/4 ఇస్తే 'రెంటిలోనూ ఒక్కో ముక్కే తక్కువ, కాబట్టి సమానం' అంటారు.

ఈ నాలుగూ ఒక తప్పు కాదు, ఒకే మాటతో నాలుగూ పోవు. మొదటి తప్పుకి పేపరు ముక్కలు కావాలి, మూడో తప్పుకి 'రెండు రొట్టెలూ ఒకే సైజా?' అన్న ప్రశ్న కావాలి. ముందే ఊహించి ఉంటే తరగతిలో ఆ జవాబు రాగానే మీ దగ్గర ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. ఊహించకపోతే 'కాదు, కూర్చో, ఇంకెవరు చెప్తారు?' అంటారు. ఇంకెవరో చెప్తారు, పాఠం ముందుకి పోతుంది, కూర్చున్న పిల్ల బుర్రలో ఆరు ఐదు కన్నా పెద్దదిగానే ఉండిపోతుంది.

తప్పులు ఊహించడం కొత్తవాళ్లకి కష్టమే. దానికో దారి ఉంది. మీరు వెళ్లిన బడిలో ఆ సబ్జెక్టు టీచర్ని 'సార్, ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారు?' అని అడగండి. పదేళ్లుగా అదే పాఠం చెబుతున్న మేడమ్‌కి ఆ జాబితా నాలుక మీద ఉంటుంది. లేదా పోయినేడాది ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనం) జవాబు పత్రాలు ఉంటే ఒక కట్ట తీసి చూడండి. మొదటిరోజు హాజరు పట్టీ, బడి మ్యాపు, స్టాఫ్ వివరాలు రాసుకోవడానికి పెట్టే టైంలో సగం దీనికి పెట్టినా చాలు.

వాళ్లకి వచ్చినవి కూడా రాసుకోండి. ఐదో తరగతి పిల్లలు పావుకిలో టమాటాలు, అరకిలో ఉల్లిపాయలు కొనుక్కొచ్చినవాళ్లే. పావుకన్నా అర పెద్దదని బడికి రాకముందే తెలుసు. ఆ తెలిసినది కాగితం మీది 1/4, 1/2లతో కలవలేదు, అంతే తేడా. రష్యన్ మనోవిజ్ఞాని లెవ్ వైగాట్‌స్కీ గురించి రాయమంటే పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదానికీ తోడుంటే చేయగలిగినదానికీ మధ్య ఉన్న మేర అని పేజీన్నర రాస్తాం కదా, ఆ మేర ఈ పాఠంలో సరిగ్గా ఇక్కడే ఉంది.

కుడివైపు నుంచి నింపండి

ఇప్పుడు కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు 'నేనేం చేస్తాను', కుడివైపు 'పిల్లలేం చేస్తారు'. కుడివైపు ముందు నింపండి. ఎడమవైపుతో మొదలుపెడితే ఏమవుతుందో మీకూ తెలుసు, 'వివరిస్తాను, వివరిస్తాను, బోర్డు మీద రాస్తాను' అని పేజీ నిండుతుంది, ఎదురుగా 'వింటారు, వింటారు, రాసుకుంటారు' అని ఉంటుంది. కుడిగడిలో 'వింటారు' అన్న మాట రెండుసార్లకి మించి వచ్చిందంటే ఆ ప్లాన్ మార్చాల్సిందే.

మన పాఠంలో కుడివైపు ఏముండాలో చూద్దాం. పిల్లలు పేపరు పట్టీలు మడుస్తారు, కొలుస్తారు, పోలుస్తారు. సామగ్రి పాత న్యూస్ పేపర్లు, స్కేలు. పట్టీల పొడవు సరిగ్గా 12 సెంటీమీటర్లు ఉండాలి. 12ని రెండు, మూడు, నాలుగు, ఆరు భాగాలుగా స్కేలుతో సులువుగా గీయొచ్చు: సగం 6 సెం.మీ., మూడో వంతు 4, నాలుగో వంతు 3, ఆరో వంతు 2. పొడవు 10 తీసుకుంటే మూడో వంతు దగ్గర ఇరుక్కుపోతారు, పిల్లలు 3.3 దగ్గర తంటాలు పడుతుంటే మీ పాఠం దశాంశాల్లోకి జారిపోతుంది. మూడు సమాన మడతలు పెట్టడం పెద్దవాళ్లకే సరిగ్గా రాదు, అందుకని సగం, పావు మడతపెట్టించండి, మూడో వంతుకీ ఆరో వంతుకీ స్కేలు వాడించండి.

మొదట 1/2, 1/4. ఇది తెలిసిందే, పావుకిలో అరకిలో మాటతో ముడిపెట్టండి. తర్వాత 1/3, 1/4. ఇక్కడ పట్టీలు తీయనివ్వకండి, ముందు ఊహించి రాయమనండి. అందరూ పలకల మీద రాసి ఒకేసారి ఎత్తాలి, పలకల్లేకపోతే రఫ్ నోట్‌బుక్కులో పెద్దగా రాసి ఎత్తినా సరే. చేతులెత్తమంటే ఎప్పుడూ ఎత్తే ఐదుగురే ఎత్తుతారు, పలకలైతే నలభై జవాబులూ ఒక్క చూపులో కనిపిస్తాయి. సగం మంది 1/4 అని రాసి ఉంటారు. ఏమీ అనకండి, 'సరే, పట్టీలు తీసి చూడండి' అనండి. వాళ్ల ఊహకీ చేతిలో పట్టీకీ పొంతన కుదరని ఆ ఒక నిమిషమే ఈ పీరియడ్‌కి గుండెకాయ. అక్కడ మీరు తొందరపడి రూలు చెప్పేస్తే అంతా పోతుంది.

ఆ తర్వాత 1/6ని 1/4తో పోల్చమనండి, మళ్లీ ముందు ఊహ, తర్వాత పట్టీ. ఈసారి ఊహలు మారతాయి. అప్పుడు అడగండి: 'కింద అంకె పెరిగేకొద్దీ ముక్క ఏమవుతోంది? ఎందుకలా?' వాళ్ల మాటల్లో వచ్చినదాన్నే బోర్డు మీద రాయండి. 'ఎక్కువ మందికి పంచితే తలా కొంచెమే వస్తది' అని ఎవరో ఒకరు అంటారు, హారం లవం అన్న మాటలతో మీరిచ్చే నిర్వచనంకన్నా ముందు అది బోర్డెక్కాలి. త్వరగా అయిపోయినవాళ్లకి 2/3, 3/4 ఇవ్వండి, పట్టీ మీద 8 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు పక్కపక్కన కనపడతాయి. 'ఒక్కో ముక్కే తక్కువ' అన్న ఆ తెలివైన తప్పు అక్కడ తేలుతుంది.

ఇక చివరి చీటీ. 12 సెంటీమీటర్ల పట్టీని ఐదు సమాన భాగాలు చెయ్యడం స్కేలుతో తేలిగ్గా కుదరదు, అందుకే చివరి ప్రశ్నకి 1/5, 1/6 తీసుకున్నాం. పట్టీ కొలిచి జవాబు రాసే వీలుండదు, ఆలోచించే రాయాలి. పట్టీలతో అంతా సరిగ్గా చేసి చీటీలో తప్పు రాసిన పిల్లలు ఉంటారు, కొలవడం వచ్చింది గానీ కారణం ఇంకా పట్టుబడలేదని దానర్థం. ఇలా మీ సబ్జెక్టులోనూ తరగతిలో చేసిన పనిని మక్కికి మక్కి దించితే రాని ప్రశ్నే చివర పెట్టండి.

ఎడమవైపు గడిలో వివరణలు అక్కర్లేదు, మీరు అడిగే ముఖ్యమైన ప్రశ్నలు మూడో నాలుగో మాట పొల్లుపోకుండా రాసుకోండి. అప్పటికప్పుడు అడుగుదాంలే అనుకుంటే నోట్లోంచి వచ్చేది 'అర్థమైందా?' ఒక్కటే. దానికి మన పిల్లలు ముక్తకంఠంతో 'అయ్యింది టీచర్' అంటారు, అర్థం కానివాళ్లు ఇంకొంచెం గట్టిగా అంటారు. ప్రశ్న పక్కన '5 సెకన్లు ఆగు' అని కూడా రాసుకోండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించింది. మూడు సెకన్లు, అంతకన్నా ఎక్కువ ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు మెదపని పిల్లలూ మాట్లాడారు. ఇది 1970ల నాటి సంగతి. మనం ఇప్పటికీ ప్రశ్న వేసి ఊపిరి తీసుకోకుండా జవాబు కూడా మనమే చెప్పేస్తున్నాం.

టైం విషయంలో మీకు మీరు అబద్ధం చెప్పుకోకండి. టైంటేబుల్లో 45 నిమిషాలుంటే చేతికొచ్చేది 35. ముందు పీరియడ్ వాళ్లు బోర్డు తుడవరు, ఎవరో సంతకానికి వస్తారు, మధ్యాహ్న భోజనం ముందు పీరియడ్ అయితే చివరి ఐదు నిమిషాలు పళ్లేల చప్పుడే. కాబట్టి 35కే రాసుకోండి: తెలిసిన ప్రశ్నకి 4, పట్టీలకి 12, చర్చకి 8, అభ్యాసానికి 6, చీటీకి 5. పట్టీలు పంచడానికే ఐదు నిమిషాలు పోతాయి, బెల్లు కొట్టకముందే బెంచీకో సెట్టు పెట్టేసి రండి. ఎక్కడో కోత పెట్టాల్సొస్తే అభ్యాసంలో పెట్టండి, చీటీ జోలికి మాత్రం పోకండి.

ఒకే గదిలో మూడు తరగతులున్నట్టు

మీరెళ్లే ఐదో తరగతిలో ఐదో తరగతి స్థాయిలో ఉన్నవాళ్లు కొందరే. వాక్యం చదవలేనివాళ్లు, తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రానివాళ్లు అక్కడే కూర్చుని ఉంటారు. ఇది దాచుకునే విషయం కాదు. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా చదవడం, లెక్కలు చేయడం రావాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ పెట్టిందీ, తెలంగాణలో 2022లో తొలిమెట్టు మొదలైందీ ఇందుకే.

మరి ప్లాన్‌లో ఏం చెయ్యాలి? మూడు స్థాయిలకి మూడు ప్లాన్లు రాయమని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ నలభై మంది ముందు నిలబడి ఉండరు. ప్లాన్ ఒక్కటే ఉంచండి, పనిలోకి దిగే చోట్లు మార్చండి. చదవలేని పిల్లకి ప్రశ్న నోటితో చెప్పండి, జవాబు బొమ్మలో ఇవ్వనివ్వండి. ఈ పాఠం భిన్నాల గురించి, చదవడం గురించి కాదు కదా. ముందుకెళ్లినవాళ్లకి ఇంకో పది లెక్కలు ఇవ్వడం శిక్ష వేసినట్టుంటుంది, '1/99, 1/100 మధ్య తేడా బొమ్మలో కనిపించేలా గీయగలవా?' లాంటిది ఇస్తే వాళ్లకి పని, మీకు ఊపిరి. చూపు తక్కువున్న పిల్లవాడుంటే పట్టీలు అట్టతో చేసి భాగాల దగ్గర చిన్న గాట్లు పెట్టండి, వేలితో తడిమి చూసుకుంటాడు. నిజానికి అవి మిగతావాళ్లకీ నచ్చుతాయి.

ఏకోపాధ్యాయ పాఠశాలలో ఇంటర్న్‌షిప్ పడితే గీతలు రెండు గీయండి, గడులు మూడు అవుతాయి: నేను, నా దగ్గరున్న గుంపు, అవతలి గుంపు. అవతలి గుంపుకి ఇచ్చే పని మీ సాయం లేకుండా పదిహేను నిమిషాలు సాగేది అయ్యుండాలి. అలాంటి పని వెతకడమే అక్కడ ప్లానింగ్‌లో ముప్పావు వంతు.

ఆదిలాబాద్ వైపు గోండి, భద్రాచలం వైపు కోయ, పార్వతీపురం మన్యంలో సవర మాట్లాడే పిల్లలున్న బడికి వెళ్తే, ఆ పాఠానికి కావలసిన పది మాటలు వాళ్ల భాషలో ముందే ఊళ్లో ఎవరినైనా అడిగి రాసుకోండి. సగం, ముక్క, పంచు, ఎక్కువ, తక్కువ లాంటివి చాలు.

పీరియడ్ కంటే ముందు యూనిట్

వరసకి ఇది మొదట చెప్పాల్సింది. కానీ ఒక్క పీరియడ్ లోతుగా చూడకుండా యూనిట్ ప్లాన్, అంటే అధ్యాయం మొత్తానికి వేసే ప్లాన్, రాస్తే అది విషయసూచికలా తయారవుతుందని ఇక్కడికి తెచ్చా. యూనిట్ ప్లాన్‌లో తేల్చుకోవాల్సింది ఏది ముందు ఏది వెనక అన్నదే. సమాన భాగాలు, ఇప్పుడు చేసిన పోల్చడం, ఆ తర్వాత సమాన భిన్నాలు, సజాతి భిన్నాల కూడిక, చివరికి విజాతి భిన్నాలు. ఇందులో సమాన భిన్నాల దగ్గర తొందరపడితే 1/2 + 1/3 = 2/5 అని పైవి పైవీ కిందవి కిందవీ కూడేసే జవాబులు వస్తాయి. ఏడో తరగతిలోనూ అవే వస్తుంటాయి, అప్పుడు పై టీచరు కింది టీచర్ని తిట్టుకుంటారు.

పీరియడ్లు నిజంగా లెక్కపెట్టండి. విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకి ఏడాదికి కనీసం 200 పని దినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220. దసరా, సంక్రాంతి సెలవులు అందులో లేవు సరే, కానీ ఎఫ్ఏలు, ఎస్ఏలు (సంగ్రహణాత్మక మూల్యాంకన పరీక్షలు), ఆటల పోటీలు, వానకి సగం మంది రాని రోజులు అన్నీ అందులోవే. యూనిట్‌కి పది పీరియడ్లు ఉన్నాయంటే ఎనిమిదికే పాఠం రాసి రెండు ఖాళీగా వదలండి. ఖాళీ గడి చూసి సూపర్‌వైజర్ అడిగితే 'సవరణాత్మక బోధన' అని రాయండి. అబద్ధం కూడా కాదు, ఆ పీరియడ్లు దానికే వాడతారు.

అదే షెడ్యూల్లో ఇంకో మాట ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు. టీచరు వారానికి 45 గంటలు పనిచేయాలి, అందులో ప్రిపరేషన్ గంటలు కూడా కలిసే ఉంటాయి. అంటే కూర్చుని రేపటి పాఠం ఆలోచించడం చట్టం దృష్టిలో డ్యూటీయే. స్టాఫ్ రూంలో ఎవరైనా 'ఇంకా రాస్తున్నావా, నీకు ఇంకా మోజు తీరలేదు' అంటే నవ్వేసి రాసుకోండి.

రికార్డులోకి ఎక్కించడం

ఈ అరపేజీ తయారయ్యాక రికార్డు పెద్ద పనేం కాదు. మన రికార్డుల్లో సన్నాహం, విషయ ప్రదర్శన, పోల్చడం, సామాన్యీకరణం, అన్వయం అనే వరస జర్మన్ విద్యా తత్వవేత్త హెర్బార్ట్ శిష్యుల నుంచి వచ్చింది. హెర్బార్ట్ చనిపోయింది 1841లో, ఆ సోపానాలు మాత్రం మనల్ని వదల్లేదు. దానితో గొడవ పెట్టుకోకండి. పావుకిలో ప్రశ్న సన్నాహంలో వేయండి, పట్టీల పని ప్రదర్శనలోకీ పోల్చడంలోకీ వెళ్తుంది, పిల్లలు చెప్పిన వాక్యం సామాన్యీకరణం, చివరి చీటీ అన్వయం. చక్కగా సరిపోతుంది.

ఒక్క ప్రేరణ, అంటే పిల్లల్ని పాఠంలోకి దింపడానికి మొదట్లో అడిగే ప్రశ్నల విషయంలో మాత్రం జాగ్రత్త. 'పిల్లలూ నా చేతిలో ఏముంది? యాపిల్. యాపిల్‌ని కోస్తే ఏమొస్తాయి? ముక్కలు. ముక్కల్ని లెక్కల్లో ఏమంటారు?' అంటూ పాఠం పేరు పిల్లల నోట పలికించేదాకా లాగే ఆ ఏడెనిమిది ప్రశ్నలు మానేయండి. భిన్నాలని పుస్తకంలో పేజీ తీసి వాళ్లు ఎప్పుడో చూసేశారు.

మైక్రో టీచింగ్‌లో నేర్చుకున్నవి, ప్రశ్నించడం, ఉదాహరణలివ్వడం, నల్లబల్ల వాడకం, అవన్నీ పనికొస్తాయి. ఆ పద్ధతి 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది, ఒక్కో నైపుణ్యాన్ని విడదీసి సాధన చేయడానికి. కానీ మీ కాలేజీలో చేసినప్పుడు ఆరు నిమిషాలు మీ క్లాస్‌మేట్లే పిల్లల్లా నటించారు. వాళ్లు మీ ప్రశ్నకి మీరు కోరుకున్న జవాబే ఇచ్చారు, స్నేహితులు కదా. ఐదో తరగతి పిల్లలకి ఆ మొహమాటం ఉండదు.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు, ఏఐ యాప్‌లు రాసిచ్చే ప్లాన్లు వాడొచ్చా అని అడుగుతారు. వాడండి, చార్టులు గీస్తూ రాత్రి పన్నెండు దాకా కూర్చోవడం కన్నా నయం. కాకపోతే తెచ్చుకున్న ప్లాన్‌లో మూడు చోట్ల చెయ్యి పెట్టండి: చివరి ప్రశ్న మీరు మార్చండి, తప్పు జవాబులు మీ తరగతివి రాయండి, సామగ్రి మీ బడిలో దొరికేదేనా చూడండి. ప్రొజెక్టర్ వాడమని రాసిన ప్లాన్ పట్టుకుని కరెంటు లేని గదిలో నిలబడితే ఏడుపొక్కటే తక్కువ.

బెల్లు కొట్టాక

చీటీలు తెచ్చుకుని మార్కులు వేయకండి. మూడు కట్టలు చేయండి: జవాబూ కారణమూ సరైనవి, జవాబు సరే గానీ కారణం లేనివీ వంకరగా ఉన్నవీ, జవాబే తప్పైనవి. నలభై చీటీలకి పది నిమిషాలు పట్టదు. మూడో కట్ట ఐదారు చీటీలే అయితే రేపటి పాఠం రేపు చెప్పండి, ఆ ఐదుగుర్నీ ప్రార్థన ముందో భోజనాల తర్వాతో పది నిమిషాలు పట్టీలతో కూర్చోబెట్టండి. రెండో కట్ట లావుగా ఉంటే రేపు మొదటి పది నిమిషాలు దానికే. వాళ్లు రాసిన కారణాల్లోంచి మూడు, పేర్లు లేకుండా, బోర్డు మీద రాసి 'వీటిలో ఏది ఒప్పుకుంటారు?' అని అడగండి. తోటి పిల్లల వాక్యాలని వాళ్లు మన వాక్యాలకన్నా శ్రద్ధగా చదువుతారు, తప్పులు కూడా జాలి లేకుండా పడతారు.

మూడో కట్టే లావుగా ఉంటే రేపటి ప్లాన్ పక్కన పెట్టి, ఖాళీగా వదిలిన రెండు పీరియడ్లలో ఒకటి వాడేయండి. అలాగని ఇవాళ చెప్పిందే మళ్లీ గట్టిగా చెప్పకండి. పట్టీల బదులు మంచినీళ్ల సీసా, గ్లాసులు తీసుకెళ్లి ఒక సీసా నీళ్లు ఐదుగురికీ ఆరుగురికీ పంచించి చూపండి. అప్పుడు అబ్జర్వేషన్‌కి వచ్చిన సూపర్‌వైజర్ 'పీరియడ్ ప్లాన్ ప్రకారం ఇవాళ సమాన భిన్నాలు కదా' అంటే ఆ చీటీల కట్ట తీసి చేతికివ్వండి, రికార్డులో ఆ పేజీ పక్కన తేదీ వేసి ఎందుకు మార్చారో రెండు వాక్యాలు రాసి సంతకం అడగండి.